పెరట్లో పచ్చ టర్ఫ్.. కాలి కింద పెనం!

మే నెల మొదటి వారం. ఓపీ సగం అయ్యేసరికి రావికమతం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వయసు 60 దాటింది. చెరకు రైతు. 14 ఏళ్లుగా షుగరు. మనవడు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. రెండు అరికాళ్లకూ పాత పంచె ముక్కలు చుట్టి ఉన్నాయి. విప్పితే ఎడమ కాలి మడమ దగ్గర రూపాయి బిళ్లకు రెండింతలున్న బొబ్బ, బొటనవేలి మొదట్లో చితికిపోయిన మరో బొబ్బ. కుడి మడమ మీద చర్మం తెల్లగా నాని ఊడిపోతోంది. చూడగానే కాలిన గాయాలని తెలుస్తూనే ఉంది. దేంతో కాలిందని అడిగాను.

''తెల్దు బాబూ. కాలినట్టు నాకేటీ మండనేదు. పొద్దున్న చెప్పులేసుకుంటంటే తడి తగిలింది. అప్పుడు సూసుకున్నాను'' అన్నారు.

నిప్పు తొక్కలేదు. వేణ్నీళ్లు పడలేదు. గుడికీ వెళ్లలేదు. వేసవిలో గుడి చుట్టూ ఎండకు కాలిన బండల మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేసి, ఇలాంటి బొబ్బలతో వచ్చే షుగరు రోగులను ఏటా చూస్తుంటాం కాబట్టి అదీ అడిగాను. చివరికి సంగతి మనవడే చెప్పాడు. వాళ్ల పెరట్లో సంక్రాంతికి ముందు ఆర్టిఫిషియల్ టర్ఫ్ వేయించారట. అంతకుముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, దాని పక్కన చాప మీద ఆరబోసిన వడియాల మీదకు కోతులొచ్చాయి. తాతయ్య కర్ర పట్టుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తారు. కోతులు పోయాక అక్కడే నిలబడి, చెదిరిన వడియాలన్నీ ఏరి చాపలోకి ఎత్తారు. మొత్తం పది నిమిషాలు కూడా ఉండదు.

ఆ పది నిమిషాలకు ఆయన రెండు నెలలు మంచం దిగకుండా ఉండాల్సి వచ్చింది.

ఈ వారం ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, ఒకప్పుడు పెద్ద స్టేడియాలకే పరిమితమైన టర్ఫ్ ఇప్పుడు మన ఇళ్లలోకి వచ్చేస్తోంది. 1966లో అమెరికాలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో వేశాక దీనికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని గడ్డి మీద నుంచి దీని మీదకు మార్చారు. మట్టి, గడ్డి మైదానాల్లో పెరిగిన మన జట్టు ఆ ఏడాది ఏడో స్థానంతో తిరిగొచ్చింది. ఇప్పుడు విశాఖలో సాయంత్రమైతే బాక్స్ క్రికెట్ కోర్టుల్లో ఖాళీ దొరకదు. అక్కడ ఆడి వచ్చిన పిల్లలు ''మనింట్లోనూ వేయించండి'' అంటున్నారు. ఊళ్లో పాత పెంకుటిల్లు, దాని వెనక పశువులు కట్టడం మానేసిన విశాలమైన పెరడు ఉన్నవాళ్లకు ఆ కోరిక తీర్చడం పెద్ద కష్టంగా కనిపించదు. బెంగళూరులో ఉద్యోగం చేసే పెద్దాయన కొడుకూ అలాగే అనుకున్నారు. 'పిల్లలు ఫోన్లు వదిలి బయట ఆడుకుంటారు కదా' అన్నది ఆయన ఆలోచన. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించిన లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. పిల్లలకైతే రోజుకు గంటసేపు ఒళ్లు వంచే ఆట ఉండాలి. ఇంట్లోనే కోర్టు ఉంటే అంతకంటే ఏం కావాలి?

కావాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి టర్ఫ్ అమ్మేవాళ్లు చెప్పేవి కావు.

గడ్డికి చెమట పడుతుంది, ప్లాస్టిక్‌కు పట్టదు

అసలు గడ్డి ఎండలో ఎందుకు చల్లగా ఉంటుంది? దాని ఆకులు నీటిని ఆవిరి చేస్తుంటాయి. మనకు చెమట ఆరితే ఒళ్లు చల్లబడినట్టే గడ్డీ తనను తాను చల్లబరుచుకుంటుంది. టర్ఫ్ అంటే పాలిథిలీన్ పోగులు. వాటి మధ్య ఇసుక, చాలాచోట్ల పాత టైర్లను పొడి చేసిన నల్ల రబ్బరు గుళికలు. వీటికి చెమట పట్టదు. ఎండను తాగడమే తప్ప వదిలించుకునే దారి లేదు.

ఇది ఎంత వేడెక్కుతుందో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో తమ ఆటస్థలంలోనే కొలిచారు. అసలు గడ్డి కంటే టర్ఫ్ సుమారు 48 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంది. తారురోడ్డు కంటే కూడా 20 డిగ్రీలు ఎక్కువ. గాలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలున్న రోజున టర్ఫ్ ఉపరితలం 93 డిగ్రీలు చూపించింది. 37 డిగ్రీలంటే మన చోడవరం, రావికమతం పక్కన వేసవిలో మామూలు రోజే. అక్కడి ఎండ, ఇక్కడి ఎండ ఒకటి కాదనుకున్నా, టర్ఫ్ రకాన్ని బట్టి తేడాలున్నా, మధ్యాహ్నం పూట అది అరికాలిని కాల్చేంత వేడెక్కుతుందనడంలో సందేహం లేదు. సగానికి సగం తగ్గించుకున్నా సరే.

''నీళ్లు కొట్టేస్తే సరిపోదా?'' అని ఆ ఇంట్లో అడిగారు. వాళ్లూ అది చేసి చూశారు. నీళ్లు చల్లగానే 79 డిగ్రీల నుంచి 29కి దిగింది. ఐదే ఐదు నిమిషాల్లో మళ్లీ 49కి ఎక్కింది. ఉటా రాష్ట్రం పొడి ప్రాంతం. మన దగ్గర గాలిలో ఇప్పటికే తేమ ఎక్కువ. మండుతున్న టర్ఫ్ మీద నీళ్లు చల్లితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. ఆడేవాళ్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే శరీరం చల్లబడే ముఖ్యమైన దారి మూసుకుపోయినట్టే.

షుగరు ఉన్నవాళ్లకు దీంతో ప్రమాదం రెండింతలు. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే కాళ్లలోని నరాలు దెబ్బతింటాయి. కొందరికి మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం తెలుస్తుంది. కొందరికి అవేమీ లేకుండానే మెల్లగా స్పర్శ పోతుంది. ఈ రెండో రకంవాళ్లే మాకు భయం. చెప్పు జారిపోయినా తెలియదు, మేకు గుచ్చుకున్నా తెలియదు. ఆరోగ్యవంతుడైతే వేడి టర్ఫ్ మీద ఒక్క అడుగు వేయగానే గెంతి పక్కకు దూకుతాడు. పెద్దాయన పది నిమిషాలు నిలబడ్డారు. మేం పరీక్షించే నైలాన్ పోగుతో ఆయన అరికాలిలో పది చోట్ల నొక్కితే రెండు చోట్లే చెప్పగలిగారు. అంతకుముందు ఎప్పుడూ ఈ పరీక్ష చేయించుకోలేదట. నిజానికి ఇది రెండు నిమిషాల పని, ఖర్చు లేదు. మీకు షుగరు ఉండి, గత ఏడాదిలో మీ పాదాలను ఏ డాక్టరూ పరీక్షించకపోయి ఉంటే, ఈసారి మాత్రలకు వెళ్లినప్పుడు మీరే చెప్పులు విప్పి ''కాళ్లు చూడండి'' అని అడగండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు.

అలా కాలినప్పుడు ఏం చేయాలి? 20 నిమిషాల పాటు కుళాయి కింద మామూలు చల్లటి నీళ్లు ధారగా పడనివ్వండి. ఐస్ పెట్టొద్దు. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, పసుపు రాయొద్దు. బొబ్బ చిదపొద్దు. షుగరు ఉన్నవాళ్లు 'చిన్నదే కదా' అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలి. పెద్దాయన వాళ్లింట్లో రాత్రంతా కాలికి కొబ్బరినూనె రాసి ఉంచారు. ఆయన అదృష్టం, చీము పట్టలేదు.

పిల్లల సంగతి వేరు. వాళ్లకు స్పర్శ బాగానే ఉంటుంది, కానీ ఆట మధ్యలో ఆగరు. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకే పరిసరాల వేడిని త్వరగా పీల్చుకుంటారు. ఆడుతున్న పిల్లవాడు తలనొప్పి, వాంతి వస్తున్నట్టుంది అంటే ఆట అయిపోయినట్టే. నీడలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడుతున్నా, తిక్కతిక్కగా ప్రవర్తిస్తున్నా, తూలుతున్నా అది వడదెబ్బ. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు కనిపించే లక్షణాలివి. అప్పుడు 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ ఇక్కడ పని చేయదు. జ్వరం వేరు, వడదెబ్బ వేరు.

ఆదివారం పెరడు చూడ్డానికి వెళ్లాను

డ్రెస్సింగుల కోసం రెండు మూడు సార్లు వచ్చాక, ఆ కొడుకు ''ఒకసారి మీరే వచ్చి చూడండి సార్, ఇంకేమైనా తప్పు చేశామేమో'' అని అడిగారు. కళ్యాణపులోవ రిజర్వాయరు వైపు ఎలాగూ వెళ్తున్నాను కదా అని ఒక ఆదివారం ఆగాను. నేను ఇంజినీరును కాను. కానీ డాక్టరు కళ్లతో చూస్తే ఆ పెరట్లో చాలా సంగతులు కనిపించాయి.

రావికమతం 2022లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది గానీ, ఆ వీధిలో చాలా ఇళ్లు అంతకు ఎన్నో దశాబ్దాల ముందువి. ఇదీ అలాంటిదే. మట్టి గోడల మీద సున్నం పూత, ముందు పెంకులు, వెనక పశువుల శాల. శాల కప్పు మీద సిమెంటు రేకులుండేవట. కోర్టుకు చోటు సరిపోక శాల పడగొట్టారు. రేకులను ఎలా తీశారని అడిగాను. ''సుత్తితో పగలగొట్టేశారండీ. ఆ ముక్కలు కిందనే వేసి చదును చేసేశారు'' అన్నారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. మన ఊళ్లలో పాత సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. రేకు పగలకుండా, పెచ్చులూడకుండా కప్పు మీద ఉన్నంతకాలం దాని కింద బతికినవాళ్లకు పెద్దగా ఇబ్బంది లేదు. కోసినా, రంధ్రాలు వేసినా, సుత్తితో కొట్టినా కంటికి కనిపించని సన్నటి పోగులు గాల్లోకి లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటకు రావు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు. అందుకే ఎవరికీ దీని మీద భయం లేదు. ఆ ఇంటివాళ్లు కంగారు పడ్డారు గానీ, ఒక్క రోజు దుమ్ములో నిలబడితే వచ్చే ముప్పు చాలా తక్కువని చెప్పాను. నా దిగులు వాళ్ల గురించి కాదు. రోజూ ఇదే పని చేసే ఆ కూలీల గురించి. నోటికి తుండుగుడ్డ కట్టుకుంటే ఆ పోగులు ఆగవు.

మీ ఇంట్లో రేకులు తీయాల్సి వస్తే ముందు బాగా తడపండి. బోల్టులు విప్పి రేకును రేకుగానే దించమనండి. మర కట్టర్‌తో కోయనివ్వకండి. పొడి చీపురుతో ఊడ్చొద్దు, తడి గుడ్డతో ఎత్తాలి. పిల్లలను ఆ రోజు చుట్టాలింటికి పంపేయండి. నెట్ స్తంభాలు కట్టడానికి ఉన్న రేకులకు రంధ్రాలు వేయాలన్నా ఇదే మాట. ఈ ఇంట్లో ముక్కలు అప్పటికే టర్ఫ్ అడుగున, కంకర కింద ఉన్నాయి. తవ్వి తీస్తే మళ్లీ దుమ్ము లేస్తుంది. కదపకుండా వదిలేయమన్నాను.

తలుపులకు, కిటికీలకు పాత ఆకుపచ్చ ఎనామెల్ రంగు పెచ్చులు లేచి ఉంది. కొత్త కోర్టుకు తగ్గట్టు ఇంటికీ రంగులేయాలని, దాన్ని గీకించే ఆలోచనలో ఉన్నారు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామెల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే ఆ పొడి నేల మీద, టర్ఫ్ పోగుల్లో చేరుతుంది. పాకే పిల్లలు, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలు దాన్ని మింగుతారు. చిన్నపిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు. గీకాలంటే తడిపి గీకాలి, కింద పట్టా పరిచి ఆ పొడినంతా మూటగట్టి తీసేయాలి.

ఇక పశువులు కట్టిన నేల. పేడ పడిన మట్టిలో ధనుర్వాతం కలిగించే క్రిమి విత్తనాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. టర్ఫ్ అంచుల్లో మట్టి పైకి తేలినచోట పిల్లలు పడి మోకాళ్లు చీరుకుంటారు. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయాల్సిన టీడీ టీకాలు చాలామంది తల్లిదండ్రులు మర్చిపోతారు. ఈ ఇంట్లో పెద్ద మనవడికి 16 ఏళ్ల టీకా పడలేదు. పీహెచ్‌సీలో ఉచితం.

ఇంకో రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను. సెప్టిక్ ట్యాంకు మూత టర్ఫ్ కిందకు పోయింది. గాలిగొట్టం కూడా అడ్డమని కోసేశారు. పాత మూత మీద పదిమంది గెంతితే అది విరగొచ్చు. గాలి పోయే దారి లేకపోతే లోపల విషవాయువులు నిలుస్తాయి, రేపు ట్యాంకు తెరిచినవాడి ప్రాణం మీదకు వస్తుంది. ముందుగా చేయించాల్సింది ఈ పనే అని గట్టిగా చెప్పాను. రెండోది, కోర్టు ఎత్తు పెంచడానికి పోసిన క్రషర్ బూడిద, కంకర నేరుగా మట్టిగోడను ఆనుకుని ఉన్నాయి. వానాకాలం వస్తే నీరు గోడలోకి దిగుతుంది. లోపలి గదిలో అప్పుడే చెమ్మ వాసన వస్తోంది. ఆ గదిలో పడుకునే అమ్మమ్మగారికి ఆస్తమా. చెమ్మ గోడల మీద బూజు పడితే ఆయాసం పెరుగుతుంది. పాత గోడకూ కోర్టుకూ మధ్య కనీసం రెండడుగుల ఖాళీ, నీళ్లు బయటకు పోయేలా వాలు ఉండాల్సింది. నీళ్లు నిలిస్తే దోమలు అదనం.

ఆ నాలుగు లైట్ల స్తంభాలు చూసినప్పుడు మాత్రం నాకు వెన్నులో చలి పుట్టింది. ఇనుప స్తంభాలు. వాటికి కరెంటు ఇంటి పాత వైరింగు నుంచే లాగారు. ఆ రోజుల్లో రెండు తీగలే, ఎర్తింగు లేదు. వాన కురిసిన సాయంత్రం తడి టర్ఫ్ మీద నిలబడి బంతి కోసం ఎవరైనా ఆ స్తంభం పట్టుకుంటే ఏమవుతుంది? ప్రతి వానాకాలం ఇలాంటివాళ్లను మా దగ్గరకు తెస్తారు. కొందరిని తెచ్చేసరికే చేయడానికి ఏమీ ఉండదు. స్తంభాలకు విడిగా ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఆర్‌సీసీబీ పెట్టించాకే లైట్లు వేయమన్నాను. టర్ఫ్ ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఆ నల్ల గుళికల మాటేమిటి?

ఆ రోజు అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది కోడలు. ''పిల్లల సాక్సుల్లో, జేబుల్లో, ఒక్కోసారి అన్నం కంచం దగ్గర కూడా ఆ నల్లవి కనిపిస్తున్నాయండీ. క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా?''

ఈ అనుమానం పాతదే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఫుట్‌బాల్ కోచ్, క్యాన్సర్ వచ్చిన ఆటగాళ్ల పేర్లు రాసుకుంటూ పోతే జాబితా పెరిగింది. వాళ్లలో గోల్‌కీపర్లు చాలామంది ఉండటంతో దేశమంతా కలవరం రేగింది. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తీసి, ఆ వయసువాళ్లలో మామూలుగా వచ్చే కేసుల కంటే అవి ఎక్కువగా లేవని 2017లో చెప్పింది. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదికలో, గుళికల్లో రసాయనాలున్న మాట నిజమే గానీ ఆటగాళ్ల ఒంట్లోకి వెళ్లేది పరిమితంగానే ఉండొచ్చని తేల్చారు. అదే సమయంలో ఐరోపా సమాఖ్య 2023 సెప్టెంబరులో నిబంధన తెచ్చి, 8 ఏళ్ల గడువు ఇచ్చి, ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకాన్ని నిషేధించింది. అయితే దానికి కారణం క్యాన్సర్ కాదు. ఆ గుళికలు వానకు కొట్టుకుపోయి నేలలో, నీళ్లలో కలిసిపోయే సూక్ష్మ ప్లాస్టిక్ కావడం.

కోడలికి నేను చెప్పింది ఇదీ: క్యాన్సర్ వస్తుందని భయపడి నిద్ర మానుకోకండి. కానీ అవసరం లేనిదాన్ని పిల్లల నోటి దాకా ఎందుకు రానివ్వాలి? మీ నుయ్యి కోర్టుకు పదడుగుల్లో ఉంది, ఆ వాన నీళ్లు అందులోకే పోతున్నాయి. షటిల్‌కు, చిన్నపిల్లల క్రికెట్‌కు పొట్టి పోగుల టర్ఫ్, దాంట్లో ఇసుక చాలు. రబ్బరే కావాలని లేదు. కొన్ని దేశాల్లో కొబ్బరి పీచు, బెండు పొడి కూడా వాడుతున్నారు. కొబ్బరి పీచుకు మనకు కరువా? ప్రస్తుతానికి ఆట అయ్యాక బూట్లు బయటే దులపడం, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తినడం, రెండేళ్లలోపు మనవరాలిని దాని మీద పాకనివ్వకపోవడం అలవాటు చేసుకోమన్నాను.

టర్ఫ్ కొనేటప్పుడు పోగుల రంగులో సీసం లేదని పరీక్ష నివేదిక అడగండి. 2008 ప్రాంతంలో అమెరికాలో న్యూజెర్సీలో కొన్ని పాత టర్ఫ్‌ల నైలాన్ పోగుల్లో సీసం బయటపడింది. రంగు నిలవడానికి కలిపారన్నమాట. పాత స్టేడియంలో పీకేసిన టర్ఫ్‌ను చవగ్గా అమ్ముతామని వచ్చేవాళ్లుంటారు. వద్దు.

చర్మం ఊడిన మోకాలు

టర్ఫ్ మీద జారిపడితే దెబ్బ వేరేలా ఉంటుంది. పైచర్మం ఒక పొరలా ఊడిపోతుంది. రాపిడి, వేడి రెండూ కలిసిన గాయం. నొప్పి ఎక్కువ, రక్తం తక్కువ కాబట్టి పిల్లలు దాచేస్తారు. 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ రామ్స్ ఫుట్‌బాల్ జట్టులో 58 మందిలో 5 మందికి మందులకు లొంగని స్టెఫిలోకాకస్ ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టర్లు వెతికితే అన్నీ ఇలా టర్ఫ్ రాపిడికి చర్మం లేచినచోటే పుట్టాయి. అందులో టర్ఫ్ ఒక్కదాని తప్పే లేదు. ఒకరి తువ్వాలు ఒకరు వాడటం, గాయం కప్పకుండా ఆడటం కూడా కలిశాయి. మన పిల్లలూ చేసేవి ఇవే. గాయాన్ని వెంటనే సబ్బు నీళ్లతో కడగండి, పోగులూ ఇసుకా ఉండిపోకుండా చూడండి, శుభ్రమైన గుడ్డతో కప్పండి. చుట్టూ ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉండి జ్వరం వచ్చినా రెండు రోజులు ఆగొద్దు. మెడికల్ షాపులో సొంతంగా యాంటీబయాటిక్ కొనొద్దు. ఆ మొండి క్రిములు అలా తయారైనవే.

టర్ఫ్ మీద బూటు గట్టిగా పట్టుకుంటుంది. కాలు అక్కడే ఉండి ఒళ్లు తిరిగితే మోకాలి లిగమెంటు తెగుతుంది. పొడవాటి ముళ్లున్న బూట్లు వద్దు, చిన్న చిన్న రబ్బరు బొడిపెలున్నవి చాలు.

మోకాలి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది సంక్రాంతి మ్యాచ్. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి బావలూ బావమరుదులూ వస్తారు. ఏడాదంతా కుర్చీలో కూర్చున్నవాళ్లు. నలభై ఐదేళ్లు, కొంచెం పొట్ట, బీపీ మాత్ర మానేసి ఆరు నెలలు. రాత్రి భోజనం పట్టించి, పది గంటలకు లైట్ల కింద ఆరు ఓవర్ల మ్యాచ్. పరుగు తీస్తూ గుండె దగ్గర బరువుగా అనిపిస్తే 'అరిసెలు ఎక్కువయ్యాయి, గ్యాస్' అనుకుంటారు. శ్రమకు మొదలై, ఆగితే తగ్గే ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట.. వీటిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఈసీజీ తీయించండి. ఇప్పుడు చాలా ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉచితంగానే ఇస్తున్నారు. అది ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. నలభై దాటి షుగరు, బీపీ, సిగరెట్టు ఉన్నవాళ్లు ఆడాలనుకుంటే పండక్కి నెల ముందు నుంచే రోజూ అరగంట నడవడం మొదలుపెట్టండి. ఆట మీకు మందే. ఒక్క రోజులో సీసా మొత్తం తాగేయకూడదంతే.

పండగంటే గుర్తొచ్చింది. భోగిమంట ఎప్పుడూ ఆ పెరట్లోనే వేసేవారట. టర్ఫ్ మీద నిప్పు పడితే కరిగి అంటుకుంటుంది, కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అతుక్కుంటే లోతుగా కాలుస్తుంది. దీపావళి మతాబులకూ ఇదే మాట. 8, 10 ఏళ్లకు టర్ఫ్ అరిగిపోయాక దాన్ని పొలం గట్టున వేసి తగలబెట్టే ఆలోచన అసలే వద్దు. ఆ నల్లటి పొగ చుట్టుపక్కల వీధులన్నీ పీలుస్తాయి.

వేయించాలా, వద్దా?

మీరు నన్ను సూటిగా అడిగితే, ఊళ్లో ఖాళీ పెరడున్న ఇంటికి నా మొదటి ఓటు మట్టి కోర్టుకే. ఈ నేల మీద కబడ్డీ, వాలీబాల్ తరాలుగా మట్టి మీదే ఆడారు. తడిపి చదును చేసుకుంటే చాలు. పడితే దెబ్బ తగులుతుంది గానీ కాలదు. షటిల్ కోర్టుకు కావాల్సింది 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పే. అయితే వానాకాలం నాలుగు నెలలు బురదలో ఆట ఆగిపోతుందన్న మాటా నిజమే. ఆ కారణంతో టర్ఫ్ వేసుకుంటామంటే నేను కాదనను. ఒకే ఒక్క విషయం అడుగుతాను: పెరట్లో ఉన్న వేపచెట్టునో మామిడిచెట్టునో కొట్టకండి. ఆకులు రాలతాయని, వేళ్లు లేస్తాయని కాంట్రాక్టర్లు మొదట దాని మీదే పడతారు. టర్ఫ్‌ను చల్లగా ఉంచే మందు నీళ్ల కంటే నీడే. కోర్టునే చెట్టుకు తగ్గట్టు జరుపుకోండి.

ఈ ఇంట్లో వేపచెట్టు అప్పటికే పోయింది. దాని మొద్దు మీద కూర్చునే పెద్దాయన నాకు ఇవన్నీ చూపించారు, కాళ్లు నేలకు తగలకుండా ముందు పీట వేసుకుని.

తర్వాత వాళ్లు చేసింది ఇదీ. పడమటి వైపు పచ్చటి షేడ్‌నెట్ కట్టారు. సెప్టిక్ ట్యాంకు మూత దగ్గర టర్ఫ్ కోసి, కొత్త మూత, గొట్టం పెట్టించారు. గోడ పక్కన రెండడుగులు తవ్వించి కాలువ తీశారు. ఎర్తింగు అయ్యేదాకా లైట్ల ఫ్యూజులు తీసి అమ్మమ్మగారి బీరువాలో పెట్టారు. రబ్బరు గుళికలను పీల్చి తీసే యంత్రం కోసం విశాఖలో వాకబు చేస్తున్నారు. వేసవిలో ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక తప్ప ఆట లేదు. అది కూడా ఆడబోయే ముందు చేతి వెనక భాగాన్ని టర్ఫ్ మీద ఆనించి ఏడు లెక్కపెట్టాలి. ఏడు లోపు చెయ్యి తీసేయాల్సి వస్తే ఆ పూట ఆట రద్దు. స్పర్శ సరిగా ఉన్నవాళ్లే ఈ పరీక్ష చేయాలి కాబట్టి ఆ పని చిన్న మనవడికి అప్పజెప్పారు.

పెద్దాయన గాయాలు మానడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఇన్సులిన్ మొదలుపెట్టాం. ఎంసీఆర్ చెప్పులు ఇప్పుడు ఇంట్లో కూడా వేసుకునే తిరుగుతున్నారు. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసే డ్యూటీ కూడా ఆ చిన్నవాడిదే. తను చూడటానికి వంగలేనప్పుడు కింద అద్దం పెట్టుకోవచ్చని పెద్దాయనకు చెప్పాను. ''అద్దమెందుకు బాబూ, ఆడు సూత్తాడు కదా'' అన్నారు. పోయినసారి వచ్చినప్పుడు కుడికాలి చిటికెన వేలి పక్కన చిన్న పగులు ఉందని మనవడే ముందు చెప్పాడు. నేను ఇంకా చెప్పు విప్పించనేలేదు.